పాప పిండి

మా పాపకు గోధుమ పడదని డాక్టరు చెప్పినప్పుడు నాకు నవ్వొచ్చింది. నవ్వే సమయం కాదని తెలుసు. పక్కన నా భార్య కొంగుతో కళ్ళొత్తుకుంటోంది. ఆరేళ్ళ పాప బల్ల మీద కూర్చుని కాళ్ళూపుతోంది. అయినా నవ్వొచ్చింది. గోధుమేమిటి? మేం జొన్నలు తినేవాళ్ళం. మా నాయన, ఆయన నాయన, అంతకుముందు ఎవరుంటే వాళ్ళు, అందరూ జొన్నరొట్టె, రాగిసంగటి తిని గనుల్లో బండలు మోసినవాళ్ళు. ఎవరికైనా జ్వరమొస్తే తప్ప మా ఇంట్లో చపాతీ కనిపించేది కాదు. ఎక్కడిదో గోధుమ వచ్చి మా పాప పేగుల్లో ఎట్లా దూరింది?

"మీరు ఉప్మా తినరా? సేమియా చేసుకోరా? పాపకు పాలల్లో బిస్కెట్లు ముంచి పెట్టలేదా?" అని డాక్టరు ఒక్కొక్కటే అడుగుతుంటే నా నవ్వు దిగిపోయింది. చనుబాలు మాన్పించిన నాటి నుంచి పాపకు ఇష్టమైనవన్నీ అవే. కడుపుబ్బరం, ఎప్పుడు పడితే అప్పుడు విరేచనాలు, ఒంట్లో రక్తం లేకపోవడం, తన ఈడు పిల్లల కంటే జానెడు పొట్టిగా ఉండిపోవడం. వీటి కోసం మేం డోన్‌లో ఒక డాక్టరును, నంద్యాలలో ఇద్దరిని చూశాం. నులిపురుగుల మందు తాగించాం. దిష్టి తీయించాం. చివరికి కర్నూలు వచ్చాం. ఇక్కడ రక్తపరీక్ష చేశారు, నోట్లోంచి సన్నటి గొట్టం వేసి పేగు ముక్క తీసి చూశారు. గోధుమలో ఉండే జిగురు తగిలితే పాప ఒళ్ళు తన పేగును తనే గాయపరచుకుంటుందట. ఆ గాయమున్నంత కాలం ఏం తిన్నా ఒంటికి పట్టదట.

"మందులతో పోయే జబ్బు కాదిది. జీవితాంతం ఉంటుంది. కానీ భయపడకండి. ఆమెకు తిండే మందు, అది మీ చేతుల్లోనే ఉంది," అన్నాడు డాక్టరు.

ఆ ఆఖరి మాట నా తలకెక్కింది. నా సంగతి తెలిసినవాళ్ళెవరూ నాతో అట్లాంటి మాట అనరు. ఒక పని నీ చేతుల్లో ఉందని నాకు చెబితే ఇంకెవరి చేతినీ దాని మీద పడనివ్వను.

పక్క గదిలో తిండి గురించి చెప్పే అమ్మాయి ఒక కాగితం ఇచ్చింది. రవ్వ, మైదా, సేమియా, బ్రెడ్డు, బార్లీ వద్దు. చివరికి డబ్బాలో వచ్చే ఇంగువ కూడా వద్దు, దాంట్లో పిండి కలుపుతారట. అన్నం, జొన్న, రాగి, కొర్ర, గుడ్డు, పప్పు, పెరుగు, వేరుశనగ ఎంతైనా పెట్టొచ్చు. గరిటెలు, గిన్నెలు, పెనం పాపకు వేరుగా ఉండాలి. గోధుమ పిండి రేణువు కూడా తగలకూడదు. నెలకోసారి బరువు చూసి రాసుకోవాలి. ఆ అమ్మాయి ఇంకా ఏదో చెబుతూనే ఉంది. "జొన్నరొట్టె గురించి మాకు చెప్పాల్నా మేడమ్!" అని నేను లేచి నిలబడ్డాను. ఆ ఇంకా ఏదో ఏమిటన్నది ఈ రోజుకూ నాకు గుర్తు రాదు.

నా భార్యది కడప జిల్లాలో టీచరు ఉద్యోగం. వేంపల్లె దగ్గర బడి. జిల్లా దాటి బదిలీ కావడం అంత సులువు కాదు. ఇంకో టీచరుతో కలిసి అక్కడే ఒక గదిలో ఉండేది, శనివారం సాయంత్రం బస్సులు మారి వచ్చి ఆదివారం మధ్యాహ్నం వెళ్ళిపోయేది. నేను బేతంచెర్లలో బండలకు పాలిష్ పట్టే యూనిట్‌లో యంత్రాలు చూసుకుంటాను. పాప నా దగ్గరే ఉండి ఇక్కడి బడిలో చదివేది. పొద్దున్నే వచ్చి వండిపెట్టి పోయే మనిషి ఒకామె ఉండేది. ఒకే గరిటెతో ఉప్మా కలిపి, అదే గరిటె పప్పులో పెట్టేది. ఆసుపత్రి నుంచి వచ్చిన రెండో రోజు ఆమెను మాన్పించి నేనే కొంగు బిగించాను. నాకు కొంగు లేకపోవచ్చు, బిగించడం మాత్రం బిగించాను.

మగవాడు జొన్నరొట్టె తట్టడం నేర్చుకోవడం ఎంత నగుబాటో చెప్పలేను. పిండిలో నీళ్ళు మరీ వేడిగా పోస్తే చేయి కాలేది, చల్లగా పోస్తే రొట్టె అంచులు పగిలేవి. పెనం మీదికి ఎత్తబోతే నడిమికి విరిగి నాలుగు ముక్కలయ్యేది. యూనిట్‌లో ఒక మంచి బండ ఎంచి, రెండు వైపులా అద్దంలా పాలిష్ పట్టించి తెచ్చుకున్నాను, రొట్టెలు తట్టడానికి. ఊరంతా తెలిసిపోయింది.

"ఏమప్పా, రొట్టెలు తడతాండావంట?" అని యూనిట్‌లో ఒకడు అడిగాడు. "గాజులు గూడా తెప్పిచ్చుకోరాదా, సప్పుడు బాగుంటాది."

"నీ ఇంట్లో రొట్టె ఇరక్కుండా వచ్చిన పొద్దు రా, మాట్లాడదాం," అన్నాను. అప్పటికి నా ఇంట్లోనూ ఒక్కటి విరక్కుండా రాలేదు.

మొదటి నాలుగు నెలలు పాప తేరుకుంది. విరిగిన ముక్కలే వేరుశనగ పొడి అద్దుకుని తినేది, విరేచనాలు ఆగిపోయాయి, బుగ్గలు కనిపించాయి. కిలోన్నర బరువు పెరిగింది. తూకం యంత్రం మీద పాపను నిలబెట్టి నా భార్యకు ఫోను చేసి, ముల్లు ఎక్కడుందో చదివి వినిపించాను. ఆ నాలుగు నెలలు నా అంత గొప్పవాడు జిల్లాలో లేడు.

ఇంకా బాగా చేయాలనిపించింది. అప్పటిదాకా నెలకోసారి గింజలు పిండి మరకు తీసుకుపోయి పది కిలోలు ఆడించేవాణ్ణి. పాత పిండిలో సారం పోతుందని ఎవరో అన్నారు. నిజమే కదా అనిపించింది. వారానికి రెండుసార్లు, సోమవారం, గురువారం, పని నుంచి వచ్చేటప్పుడు జొన్నలు రెండు కిలోలు, రాగులు ఒక కిలో ఆడించడం మొదలుపెట్టాను. గింజలు నేనే చెరిగేవాణ్ణి. నేనే రాళ్ళు ఏరేవాణ్ణి.

సాయంత్రాలు మర దగ్గర జనం ఉంటారు. ఈ మధ్య మా ఊళ్ళో సగం మందికి షుగరు, మిగతా సగానికి షుగరొస్తుందని భయం. అందరూ రాత్రిపూట చపాతీలకు దిగారు. అందుకని సాయంత్రం వరసలో ఎక్కువ గోధుమ డబ్బాలే. మర నడిపేది ఒక ముసలి భాయ్. కనుబొమ్మల మీద కూడా పిండే. నేను చిన్న సంచులతో మాటిమాటికీ వస్తుంటే ఏమిటని అడిగాడు. గోధుమ, పేగు, గొట్టం, ఇవన్నీ విడమరచి చెబితే ఎవరికీ అర్థం కాదు, పైగా తలా ఒక సలహా ఇస్తారు. అప్పటికే విసిగిపోయి ఉన్నాను. "పాపకు ఒంట్లో బలం చాలదు భాయ్. పిండి తాజాగా ఉండాల," అని ఊరుకున్నాను.

ఆ మాట చాలింది. మరుసటి సోమవారం నన్ను చూడగానే భాయ్ అరిచాడు. "జరగండమ్మా, జరగండి. పాప పిండి వచ్చినాది."

వరసలో ఉన్నవాళ్ళందరూ పక్కకు జరిగారు. ఒక్కరు కూడా గొణగలేదు. అప్పటి నుంచి నేనెప్పుడు వెళ్ళినా అదే మర్యాద. ఎవరి డబ్బా నిండుతూ ఉంటే అది నిండగానే, వెనక పదిమంది ఉన్నా, నా జొన్నలు పడేవి. పిండి దిగే గుడ్డ గొట్టాన్ని భాయ్ అరచేత్తో టపటపా కొట్టి, లోపల పట్టుకున్న పొడి కూడా రాల్చి ఇచ్చేవాడు. "బేటీది. ఒక్క చిటికె పోనీను," అనేవాడు. మా ఊరివాళ్ళ మీద నాకు అంత ప్రేమ అంతకుముందు ఎన్నడూ కలగలేదు.

ఆ రోజుల్లోనే నా రొట్టెలు కుదిరాయి. చెయ్యి తిరిగింది అనుకున్నాను. అంచు పగలదు, ఎత్తితే విరగదు, మడిచి పాప డబ్బాలో పెడితే మధ్యాహ్నానికీ మెత్తగా ఉండేది. ఒక ఆదివారం నా భార్య ఒక రొట్టె పట్టుకుని ఇటూ అటూ తిప్పి చూసి, "మా అమ్మకు గూడా ఇంత మెత్తగా రాదు," అంది. ఆ మాట యూనిట్‌లో చెప్పాను. మర దగ్గర చెప్పాను. మందుల షాపులో చెప్పాను. బస్సులో పక్కన కూర్చున్నవాడికీ చెప్పాను.

పాప కడుపునొప్పి మళ్ళీ మొదలైంది కూడా ఆ రోజుల్లోనే.

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నా మతిమరుపు మీద అనుమానమొచ్చి కాగితం తీసి మళ్ళీ చదివాను. ఉప్పు మార్చాను. పసుపు కొమ్ములు తెచ్చి దంచాను, కారంలో ఏదైనా కలుస్తుందేమోనని మిరపకాయలు తెచ్చి ఇంట్లోనే పొడి కొట్టాను. నీళ్ళు కాచాను. పాలు మాన్పించి నెల చూసి మళ్ళీ మొదలుపెట్టాను. సున్నపురాయి నేల, నీళ్ళల్లోనే దోషముందని ఒకరన్నారు. నీ బట్టల మీద బండల దుమ్ము ఉంటుంది, అది పాప ఒంట్లోకి పోతోందని ఇంకొకరన్నారు. ఆ రోజు నుంచి గుమ్మం బయటే బట్టలు మార్చుకుని ఇంట్లోకి వచ్చేవాణ్ణి. పక్కింటివాళ్ళు ముఖం తిప్పుకునేవాళ్ళు. నొప్పి తగ్గలేదు. ఎంత తక్కువ తింటే అంత ఎక్కువ పెట్టాను. అన్నంలో ఏముంది, బలమంతా రొట్టెలో, సంగటిలోనే ఉందని నా నమ్మకం. రాత్రికి రెండు రొట్టెలు పూర్తయ్యేదాకా పక్కనే కూర్చునేవాణ్ణి. పాప మారు మాట్లాడకుండా తినేది.

ఒకరోజు ఆమె బడి సంచిలో బిస్కెట్ పొట్లం కాగితం దొరికింది. నాకు కళ్ళెర్రబడ్డాయి. ఇన్నాళ్ళూ నేను ఉప్పును, నీళ్ళను అనుమానిస్తుంటే అసలు దొంగ ఇంట్లోనే ఉందనుకున్నాను. అడిగాను. తినలేదంది. మెరుస్తోందని కాగితం ఏరుకున్నానంది. చెంప మీద ఒకటి కొట్టాను. మరుసటి రోజు పుస్తకాలు సర్దుతుంటే లెక్కల పుస్తకంలో అట్లాంటి కాగితాలు ఇంకో ఏడెనిమిది, మడతలు లేకుండా సాపు చేసి పెట్టుకున్నవి, కనిపించాయి. వాటిలో కొన్ని సబ్బు కాగితాలు. వాటిని చూస్తూ చాలాసేపు నేల మీదే కూర్చున్నాను. పాపకు ఏమీ చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

దసరా సెలవులకు పాపను వేంపల్లె తీసుకుపోయింది నా భార్య. పన్నెండు రోజుల తర్వాత తిరిగొచ్చిన పాపను చూసి తూకం యంత్రం మీద నిలబెట్టాను. కిలోకు కాస్త తక్కువ పెరిగింది. కడుపు లోపలికి పోయింది. ఒక్కరోజు కూడా నొప్పి రాలేదట.

"ఏం పెట్టినావు?" అని అడిగాను.

"ఏం పెడతా! అన్నం, పప్పు, గుడ్డు, పెరుగు. రొట్టెలు సంగటి చేసే ఓపిక నాకు యాడిది?" అంది నా భార్య, కాస్త సిగ్గుపడుతూ.

నాకు కోపం వచ్చింది. ఆమె మీదా, బియ్యం మీదా, వేంపల్లె మీదా. నేను చెరిగి, ఏరి, ఆడించి, తట్టి పెడితే చిక్కిపోయే పిల్ల, ఒక గదిలో గ్యాసుపొయ్యి మీద కుక్కర్ అన్నం తిని బరువు పెరగడమేమిటి? వారం తిరక్కముందే నా దగ్గర మళ్ళీ నొప్పి. అంటే నా చేతి తిండే పడడం లేదా? పిల్లకు తల్లి మీద బెంగ, అది కడుపులో నొప్పిగా బయటపడుతోంది అని యూనిట్‌లో ఒకడు తీర్మానించాడు. వాడి నోరు మూయించాను గానీ ఆ మాట లోపల ఉండిపోయింది.

ఫిబ్రవరిలో కర్నూలు వెళితే రక్తపరీక్ష చూసి డాక్టరు నుదురు చిట్లించాడు. గోధుమ ఎక్కడి నుంచో లోపలికి పోతూనే ఉందన్నాడు. పోవడం లేదని నేను ఒట్టేశాను. "అయితే ఇది వేరే రకం కావచ్చు. ఇంకో మూడు నెలలు చూసి మళ్ళీ గొట్టం వేయాలి, గట్టి మందులు మొదలుపెట్టాలి," అన్నాడు. పాపకు ఎనిమిదేళ్ళు, పదిహేడు కిలోలు.

తిరుగు బస్సులో నా భార్య కిటికీలోంచి బయటికి చూస్తూనే చెప్పింది. "ఈ ఏడు పరీక్షలు అయిపోతానే పాపను పిల్చుకపోతా. ఈడ వద్దు. ఇల్లు చూసినా, బడి గూడా మాట్లాడినా."

"నా కాడ ఏం తక్కువైందని?"

"ఏం తక్కువైందో మీకూ తెల్దు, నాకూ తెల్దు. ఆడ ఉంటే బాగుంటాది. అంతే నాకు తెల్సు."

పాప మా ఇద్దరి మధ్యన నిద్రపోతోంది. పాప లేని ఇల్లు నాకు ఊహకు కూడా అందలేదు. ఆ పిల్ల కోసమే కదా నేను మనిషినైంది. అంతకు ముందు యంత్రం ఆగితే అరవడం, ఇంటికొచ్చి అరవడం తప్ప నాకేం వచ్చు? ఏప్రిల్ ఆఖరుకు ఇంకా రెండు నెలలే ఉన్నాయి. ఆలోగా పాప ఇక్కడ ఎందుకు చిక్కిపోతోందో కనిపెట్టకపోతే ఆమె నా దగ్గర ఉండదు.

మార్చిలో ఒక గురువారం సంచులు పట్టుకుని మరకు వెళ్ళాను. ఎవరిదో పెద్ద గోధుమ డబ్బా నిండుతోంది. దాని వెనక జొన్నల సంచితో ఒక ముసలామె. భాయ్ మామూలుగా, "పాప పిండి వచ్చినాది," అన్నాడు. నాకు మొహమాటం వేసింది. ఆమెకు నిలబడే ఓపిక ఉన్నట్టు లేదు.

"నువ్వు ఆడిచ్చుకో అవ్వా, నేను తర్వాత ఏసుకుంటా," అన్నాను.

ఆమె నవ్వింది. "పోనీ నాయనా, నీదే ముందు కానీ. నీ ఎనకాల అయితే నాకూ మేలే. మర్లో మిగిలిండే గోధుమ పిండంతా నీ దాంట్లోకి దిగిపోతాది. నా జొన్న పిండి సుద్ధంగా వస్తాది."

"ఏం గోధుమ పిండి?" అన్నాను.

"ఇంతసేపూ ఆడించినారు గదా. రాళ్ళ మధ్యన, ఆ గుడ్డలో ఒక దోసెడన్నా ఉండదా?"

నేను భాయ్ వైపు తిరిగాను. ఆయన గొట్టం కింద ఉన్న ఒక పాత నూనె డబ్బాను కాలితో చూపించాడు. ఆ డబ్బాను నేను వందసార్లు చూసి ఉంటాను. "గింజ మారినప్పుడు మొదటి దోసెడు పిండి దాంట్లో ఏస్తామప్పా. బర్రెలకు పెడతాం. అందరికీ అంతే."

"నాది ఎప్పుడన్నా ఏసినావా భాయ్?"

ఆయన నొచ్చుకున్నాడు. "నీది ఎట్ల ఏస్తా? తెచ్చేదే రెండు కిలోలు. బలం లేని బిడ్డ తినేది. దాంట్లో దోసెడు తీసి బర్రెలకు ఏస్తే నాకు పాపం తగలదా?"

మర ఆడుతూనే ఉంది. మొదట్లో నెలకోసారి పది కిలోలు, వరసలో నా వంతు వచ్చినప్పుడు ఆడించేవాణ్ణి, అందరికీ తీసినట్టే నాకు తెలియకుండానే నాదీ మొదటి దోసెడు తీసేసి ఉంటాడు. అప్పుడు పాప బాగుంది. తర్వాత పాప మీద దయతో వరస తప్పించారు, నా వంతు గోధుమల వెంటనే పడింది, దయతోనే ఆ దోసెడు కూడా నాకే ఇచ్చారు, గుడ్డ దులిపి మరీ ఇచ్చారు. తాజాగా ఉండాలని నేను ఎన్నిసార్లు వెళ్ళానో అన్ని దోసెళ్ళ గోధుమ పిండి ఇంటికి మోసుకుపోయి పాపకు తట్టిపెట్టాను. రొట్టె విరక్కుండా రావడం నా చెయ్యి తిరగడం వల్ల కాదు. గోధుమ జిగురు వల్ల వచ్చింది. ఆ జిగురే పాపకు విషమని డాక్టరు చెప్పాడు, నేను దాన్ని బస్సులో పక్కవాడికి కూడా గొప్పగా చెప్పుకున్నాను.

భాయ్‌కి ఆ రోజు మొదటిసారి జబ్బు సంగతి పూర్తిగా చెప్పాను. ఆయన మర ఆపేసి బస్తా మీద కూర్చున్నాడు. "యా అల్లా. ఈ చేత్తోనే కొట్టి కొట్టి దించితినే," అని అరచేతిని చూసుకున్నాడు. తప్పు నీది కాదు భాయ్ అన్నాను. అయితే ఎవరిదని ఆయన అడిగాడు. ఎవరి మీద అరవాలో తెలియక వట్టి సంచులతో ఇంటికి నడిచాను.

వారం రోజులు అన్నమే పెట్టాను. తర్వాత కొత్త మిక్సీ కొని గుప్పెడు గుప్పెడు జొన్నలు పొడి చేసి సన్నటి గుడ్డలో జల్లించి తట్టాను. రొట్టెలు మళ్ళీ మొదటి రోజుల్లాగే నాలుగు ముక్కలయ్యాయి. పాప ఆ ముక్కలన్నీ తినేసి ఇంకా ఉందా అని అడిగింది. నాలుగు వారాలు నొప్పి లేదు. బరువు పెరిగింది. పరీక్షల పని పడి ఆ శనివారాలు నా భార్య రాలేకపోయింది, ఈ సంగతి ఫోనులో ఆమెకు చెప్పలేదు. పాపను తీసుకుపోవడానికి ఎట్లాగూ వస్తుంది, అప్పుడు ఎదురుగా నిలబడి చెప్పి, ఆమె ముఖం చూడాలనుకున్నాను. గెలవబోతున్నానని నాకు లోపల గంతులుగా ఉండేది.

ఏప్రిల్ ఆఖరి శనివారం ఆమె వచ్చింది. పాప నేల మీద పడుకుని సుద్దముక్కతో బండల మీద బొమ్మలు వేస్తోంది. నేను మర సంగతంతా, ముసలామెతో సహా, నూనె డబ్బాతో సహా చెప్పాను. బరువు రాసిన కాగితం చూపించాను. నా భార్య రెండుసార్లు చదివింది.

"అంటే రొట్టెల్లోనా?" అంది.

"రొట్టెల్లోనే. ఎవురనుకుంటారు?"

"నేననుకున్యా," అంది పాప, తలెత్తకుండానే.

మేమిద్దరం అటు చూశాం. "ఏమనుకున్యావు?" అని అడిగాను.

"అమ్మ కాడ రొట్టె ల్యా, నొప్పి ల్యా. ఈడ రొట్టె తింటే నొప్పి. నాకు దసరా కాడి నుంచే తెల్సు నాయనా."

"మరి చెప్పలేదేమే?"

పాప సుద్దముక్క పట్టుకున్న చెయ్యి ఆపింది. "నువ్వు అందరికీ నా రొట్టెలు నా రొట్టెలు అని చెప్పుకుంటాంటివి గదా."

దసరా నుంచి మార్చి దాకా రోజుకు రెండు రొట్టెలు. నొప్పి వస్తుందని తెలిసి, నా మోకాలి పక్కన కూర్చుని, నేను చూస్తుండగా నమిలి మింగింది. నేను వెతకని చోటు లేదు, ఉప్పులో వెతికాను, నీళ్ళల్లో వెతికాను, పిల్ల బడి సంచిలో వెతికాను. ఆమెను మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే చెప్పేదా అంటే అదీ తెలియదు. కొట్టే చేతికి ఎవరు చెబుతారు?

కాసేపటికి నా భార్యే మెత్తబడింది. "సరేలే. తెలిసిపాయ గదా. పాప ఈన్నే ఉండనీ, బడి మార్చేదేమిటికి?"

రెండు నెలలుగా ఆమె నోట ఆ మాట వినాలనే కాచుకుని ఉన్నాను.

"వద్దు. పిల్చుకపో," అన్నాను.

ఆమె నన్ను వింతగా చూసింది. ఎందుకని అడిగింది. గోధుమ సంగతి నేను చూసుకోగలను. నా ముఖం చూసి తినే పిల్లను ఎట్లా చూసుకోవాలో నాకు తెలియదు, అది నేర్చుకోవడానికి జొన్నరొట్టె కంటే ఎక్కువ రోజులు పడుతుంది. అంతవరకూ పాప ఎవరినీ మెప్పించక్కర్లేని చోట తినాలి. ఇంత మాట అప్పుడు అనలేకపోయాను. "కొన్నాళ్ళు నీ కాడ ఉండనీ," అని మాత్రం అని, లేచి పాప గౌన్లు మడత పెట్టడం మొదలుపెట్టాను. పంపడం సరైందో కాదో ఆ రోజు తెలియలేదు. బస్సు కదిలేటప్పుడు అసలు తెలియలేదు.

జూన్ చివర్లో ఒక మధ్యాహ్నం యూనిట్‌లో ఉండగా వాళ్ళమ్మ ఫోను నుంచి పాప మాట్లాడింది. కొత్త బడి గురించి, పక్కింటి కుక్క గురించి చెప్పింది. ఏం తిన్నావని అడిగాను.

"అమ్మ ఈ పొద్దు కొర్రన్నం చేసింది నాయనా. బాగల్యా. నాకొద్దన్యా."

"తినలేదా?"

"ల్యా. పెరుగన్నం తిన్యా."

"అమ్మ ఏమన్యాది?"

"మూతి ముడుచుకున్యాది," అంది పాప. "ముడుచుకోనీ."

యంత్రాల హోరులో వినపడలేదని చెప్పి, ఆ మాట ఇంకోసారి చెప్పించుకున్నాను.